అమ్మ మట్టికి చదవని వాక్యం

శామీర్‌పేట చుట్టుపక్కల క్రైస్తవ సంఘంలో ఎవరు చనిపోయినా మొదటి కబురు ధర్మేందర్‌కే వెళ్ళేది. పేరుకు బహదూర్‌పల్లిలో ఓ కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్, సంఘంలో మాత్రం పెద్ద. పాస్టర్ నాలుగు ఊళ్ళు చూసుకోవాలి. ఆయన వచ్చేదాకా శవాన్ని ఉంచలేరు కనుక గోతి దగ్గర వాక్యం చదివే పని ఇరవై ఏళ్ళుగా ఇతనిదే. తెల్ల చొక్కా, చంకలో బైబిలు, తొందర ఎరగని గొంతు. ఏడ్చేవాళ్ళు కూడా ఏడుపు ఆపుకుని వినేవారు.

ఆ గొంతంటే తల్లి లక్ష్మమ్మకు మహా గర్వం. మంచం పట్టిన నాటినుంచీ ఆమెది ఒకటే మాట.

"నా మట్టికి నువ్వే సదవాలె బిడ్డా. పాస్టర్ బస్సు ఎల్లిపోతదన్నట్టు సదువుతడు. నువ్వైతే నిమ్మళంగ సదువుతవు."

"నేనే సదువుత అమ్మా," అని మాటిచ్చాడు.

ఇంతలో సినిమా వాళ్ళు దిగారు. కాలనీ వెనక ఖాళీ జాగాలో సమాధుల సెట్ వేశారు. పాదిరి వేషం కట్టాల్సిన మనిషి ఆ రోజు రాలేదు. మేనేజరు ఎల్లేష్‌కు గేటు దగ్గర బైబిలు చదువుకుంటున్న ధర్మేందర్ కనబడ్డాడు.

"ఒక్క పూట పని పెద్దమనిషీ. నీకు వచ్చిందే సదువు."

అక్కడే మనవాడు పప్పులో కాలేశాడు. సినిమాల్లో క్రైస్తవుడంటే తాగుబోతు, కాకపోతే మెడలో శిలువ వేలాడే రౌడీ. ఒక్కసారైనా అసలు వాక్యం అసలు తీరులో జనం చెవిన పడితే ఒక్కరి మనసైనా కరగదా అనుకున్నాడు పాపం. సువార్తకు తెర దొరికిందనుకున్నాడు.

వాళ్ళు నల్లటి పొడుగు అంగీ ఇచ్చారు.

"మా సంఘంల అంగీలుండయి సార్," అన్నాడు.

"అంగీ లేకుంటే పాదిరని జనానికి ఎట్ల తెలుస్తది?" అన్నాడు ఎల్లేష్.

తొడుక్కున్నాడు. ప్రాణం పెట్టి చదివాడు. చదవడం అయిపోయి వెనక్కి తిరగబోతే, అలవాటు లేని అంగీ కాళ్ళకు చుట్టుకుని గోతిలో పడ్డాడు. అంతా పకపకా నవ్వారు. ఆ ముక్క తీసేస్తారులే అనుకుని మట్టి దులుపుకున్నాడు.

ఆ ముక్కే ఉంచారు, చదివిందంతా తీసేశారు. అతని గొంతు బదులు ఎవరిదో కీచు గొంతు అతికించి, పడ్డ చోట డప్పు మోత పెట్టారు. సినిమా విడుదలై నెల తిరక్కుండా మేడ్చల్ నుంచి అల్వాల్ దాకా ఫోనుల్లో ధర్మేందర్ గోతిలో పడుతూనే ఉన్నాడు.

ఒక ఆదివారం ఆరాధన తర్వాత, విశ్వాసి సినిమా చూడవచ్చా అని పాస్టర్ చర్చ పెట్టాడు. సంఘంలో పాటలు పాడే అమూల్య లేచింది. డిగ్రీ చదువుతున్న పిల్ల.

"సూసుడు పాపమా కాదా అని కాదు పాస్టర్‌గారూ. మనల్ని ఎట్ల సూపిస్తున్నరో అది అడగాలె. మన సావు గూడ ఆళ్లకు నవ్వులాటే. ఇన్నొద్దులు బయటోళ్లు చేసిన్రు. ఇప్పుడు మన పెద్దమనిషే అంగీ తొడిగిండు."

ఆ పిల్ల తండ్రి మట్టికి చదివింది ధర్మేందరే. అందుకే ఆ మాట అంత లోతుగా దిగింది.

"నేను వాక్యమే సదివిన బిడ్డా. ఆళ్లు ఇనిపియ్యలే," అన్నాడు.

నమ్మినవాళ్ళు నమ్మారు. ఎవరూ వెలివేయలేదు, తిట్టలేదు. కబుర్లు రావడం మాత్రం ఆగిపోయింది. ఎవరైనా పోతే, ఎంత ఆలస్యమైనా పాస్టర్ కోసమే చూశారు.

తల్లికి ఈ సంగతి చెప్పలేదు.

"గీ నడుమ ఎవరూ సస్తలేరా బిడ్డా, నీకు పిలుపొస్తలేదు?" అని ఆమే ఒకనాడు అడిగింది.

"లేరమ్మా," అన్నాడు.

జూలైలో ముసురు పట్టిన వారం లక్ష్మమ్మ పోయింది. పాస్టర్ ఈసారి వేళకే వచ్చాడు. మంచి మనిషే. గోతి దగ్గర తన బైబిలు ధర్మేందర్ చేతిలో పెట్టాడు.

"మీ అమ్మ కోరిక నాకు తెల్సు. నువ్వే సదువన్నా."

గోతి అంచున ఎర్రమట్టి జారుతోంది. ధర్మేందర్ తలాపున నిలబడి పుస్తకం తెరిచాడు. మొదలుపెట్టే ముందు అలవాటు కొద్దీ తలెత్తి జనాన్ని చూశాడు. ఎవరూ అతని ముఖం చూడటం లేదు. అందరి చూపూ అతని కాళ్ళ మీదే ఉంది.

కుడికాలు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. వెనక ఎవరో కిసుక్కుమని, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. అమూల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నోరు తెరిస్తే ఆ కీచు గొంతే బయటికి వస్తుందని ధర్మేందర్‌కు భయమేసింది. తల్లి ముందు ఆ గొంతుతో చదవడం తన వల్ల కాదు. పుస్తకం మూసి పాస్టర్‌కు తిరిగి ఇచ్చేశాడు.

పాస్టర్ చదివాడు. వాన పెద్దదవుతోంది, సాయంత్రం ఇంకో ఊళ్ళో కూటం ఉంది. అయిదు నిమిషాల్లో ముగించాడు.