కళ్ళద్దాల షాపుకు కవర్ లెటర్

రాబర్ట్‌సన్‌పేటలో ఒక కళ్ళద్దాల షాపులో పనికి అమ్మాయి కావాలని తెలిసి, పన్నెండో తరగతి పీయూసీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మా అమ్మాయి అక్కడికి ఫోన్ చేసింది. బయోడేటాతో పాటు కవర్ లెటర్ కూడా వాట్సాప్‌లో పంపమన్నాడట షాపాయన. నలుగురు నిలబడితే నిండిపోయే షాపుకు కవర్ లెటర్!

మా నాన్నకు నవ్వాగలేదు. ఆయన ఇక్కడి బంగారు గనిలో చేరిన రోజు డాక్టరు ఛాతీ తట్టి చూశాడు, మర్నాడే కిందికి దింపేశారు.

"మమ్మల్ని ఊపిరి ఉండాదా అని చూసినారు, అంతే. ఇంగ అద్దాలు తుడిచేదానికి ఇంగ్లీషు కావల్నా?" అన్నాడు.

నేను మాత్రం లోలోపల సంబరపడ్డాను. ఇరవై ఏళ్ళుగా ఒక స్కూలు ఆఫీసులో ఉత్తరాలు రాస్తున్నదాన్ని. సెలవు ఇవ్వం అనే ఒక్క ముక్కను మూడు పేరాల్లో చెప్పగల ఇంగ్లీషు నాది. ఆదివారం పొద్దుటంతా కూర్చుని పేజీ నిండా రాశాను. అందులో మా అమ్మాయి బహు చురుకైనది, లక్ష్యానికి అంకితమైనది, ఎంత ఒత్తిడిలోనూ చెక్కుచెదరనిది. ముందురోజే బాత్రూంలో బల్లిని చూసి వీధంతా వినబడేలా కేకలు పెట్టిన పిల్ల గురించి ఇదంతా.

మా అమ్మాయి చదివి, "ఎవరమ్మా ఈమె?" అంది.

"నువ్వే."

"నేను యాడుండాను ఇందులో? అందరూ ఇట్ల అబద్ధమే రాస్తారా?"

"అబద్ధం కాదే, ఇంగ్లీషు."

అది ఒప్పుకోలేదు. ఫోన్లోనే తనకు తోచినట్టు టైప్ చేసుకుంది. మూడో తరగతి నుంచి కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాను, ఫ్రేము ముక్కును నొక్కితే ఎట్లుంటుందో తెలుసు. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడతాను. ఇంతకుముందు ఎక్కడా పని చేయలేదు, నేర్పిస్తే నేర్చుకుంటాను. అంతే ఉత్తరం. పంపేసి స్నానానికి వెళ్ళింది.

బిడ్డ భవిష్యత్తు నాశనమవుతుంటే చూస్తూ కూర్చునే తల్లిని కాను. దాని ఫోన్ తీసుకుని నా పేజీ కూడా పంపేశాను. పిల్లలకు నిజాయితీ నేర్పాల్సినదాన్ని కాబట్టి, పంపిన ఆనవాలు ఫోన్లో లేకుండా తుడిచేశాను కూడా.

మంగళవారం రమ్మన్నారు. తోడుగా నేనూ వెళ్ళాను. షాపాయన పెద్దవయసు మనిషి. రెండు ఉత్తరాలూ ప్రింట్ తీసి గాజు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"ఏమ్మా, ఇద్దరు రాసినారు, ఒక్కదానివే వచ్చినావు. ఇంకొకామె యాడ?"

మా అమ్మాయి కాగితాలు చూసింది. తర్వాత నావైపు తిరిగింది. నాకు ఉన్నట్టుండి చిన్నపిల్లల ఫ్రేముల మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది.

"చిన్నది నాదప్పా. పెద్దది మా అమ్మది," అంది.

అంతలో ఒక ముసలామె వచ్చి, కొత్త అద్దాలు జారిపోతున్నాయని తమిళంలో గొడవ పెట్టుకుంది. మా అమ్మాయి ఆమెతో తమిళంలోనే మాట్లాడి, అద్దాలు ఒకసారి పెట్టించి చూసి, "చెవి దగ్గర వదులుగా ఉండాదప్పా, కొంచెం వంచితే సరిపోతుంది," అని షాపాయనకు అందించింది. ఆయన వంచి ఇచ్చాడు. జారలేదు.

"రేపు పదికి వచ్చెయ్," అని దానితో చెప్పి, నావైపు చూశాడు. "నీ ఇంగ్లీషు బాగుండాదమ్మా. లెన్సులు పంపేవాళ్ళు మూడుసార్లు తప్పు పవర్ పంపినారు. వాళ్ళకి గట్టిగా ఒక లెటర్ రాసిస్తావా?"

రాసిస్తానన్నాను. నాకూ ఉద్యోగం వచ్చింది, జీతం లేనిది.

ఇంటికి వచ్చాక మా అమ్మాయి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఇంగ నా ఫోన్ ముట్టుకోవద్దు," అంది. తప్పయిందన్నాను. తల మాత్రం ఊపింది.

మర్నాడు నేను కట్టిన టిఫిన్ డబ్బా తీసుకుని, ఒక్క మాటా ఆడకుండా వెళ్ళింది. సాయంత్రం వచ్చి తాత పక్కన కూర్చుని, ఎవరెవరు వచ్చారో, ఎవరికి ఏ ఫ్రేము నప్పిందో చెబుతూ పోయింది. నేను వంటింట్లో పొయ్యి తగ్గించి, చప్పుడు చేయకుండా అంతా విన్నాను.