ఏ గంటలో విసుగు పుట్టింది?

ఉదయం ల్యాబు తలుపు తీయగానే ఫార్మలిన్ వాసన ముక్కుకు తగులుతుంది. కలిదిండి రోడ్డు పక్కన నేను నడుపుతున్న ఈ చిన్న ల్యాబులో చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేస్తాం, జబ్బుపడిన చేపలను కోసి చూస్తాం. వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ ఘాటు సోకగానే ఏలూరు కాలేజీలో జువాలజీ గది, కప్పలూ చేపలూ నిలవ ఉంచిన సీసాల వరుస ముందు తెల్లటి నేత చీరలో నిలబడ్డ దయామణి మేడం కనిపిస్తారు.

ఇంటర్మీడియట్‌లో ఆవిడ మాకు జువాలజీ చెప్పారు. మొదటిరోజే "మీరు చెప్పండి, నరసింహంగారూ" అని నన్ను లేపారు. మా వంశం సంగతి ఈవిడకు తెలిసే ఉంటుందనుకున్నాను. కొల్లేరు అంచున మాకు చెరువులున్న రోజుల్లో, మా తాతగారు గొడుగు పట్టే మనిషి లేనిదే గట్టు మీద నడిచేవారు కాదు. ఇంతలో సుద్దముక్కలు తెచ్చిన అటెండరుతో కూడా ఆవిడ "అక్కడ పెట్టండి, సాల్మన్‌గారూ" అన్నారు. ఆవిడ ఎవరినైనా "మీరు" అనే పిలుస్తారని అప్పుడు తెలిసింది. తాతగారి సంగతి నా నోటే విన్న పక్కబెంచీవాడు "గొడుగు తెప్పించమంటారా, నరసింహంగారూ" అంటూ ఏడాదంతా ఏడిపించాడు.

ఆ చెరువులు నా చిన్నతనంలోనే చేతులు మారాయి. మేము తాడేపల్లిగూడెంలో అద్దె ఇంటికి వచ్చేశాం. నాన్నగారు బియ్యం మిల్లులో సూపర్వైజరుగా చేరారు. నేను పాసింజరు రైల్లో ఏలూరు వెళ్ళి చదువుకున్నాను. ఇంటరు అయ్యేసరికి మెడిసిన్ సీటు రాదని తేలిపోయింది. బీకాం కంప్యూటర్స్ చేస్తే హైదరాబాదులో ఉద్యోగం ఖాయమని అప్పట్లో అందరి నోటా అదే మాట. నా జీతంతో ఇల్లు మళ్ళీ నిలబడాలని నాన్నగారి ఆశ. నాకేమో జువాలజీతో పాటు చేపల పెంపకం నేర్పే బీఎస్సీ మీద మనసు.

"మనవాళ్ళు గట్టు మీద నిలబడి చేపలు పట్టించారు గానీ, దిగి పట్టలేదు" అన్నారు నాన్నగారు. ఆ మాట నాకూ గుచ్చుకుంది. అబద్ధం కాదు కదా.

మేడం దగ్గరికి వెళ్ళాను. ఏ చదువులో చేరాలని అడిగినవాళ్ళందరికీ ఆవిడ పెట్టే షరతు ఒకటే. రెండు పనుల దగ్గరా చెరొక రోజు కూర్చుని రావాలి. నన్ను వట్లూరులో పాత విద్యార్థి ఒకాయన నడిపే కంప్యూటర్ సెంటరుకు, ఆ తర్వాత కలిదిండిలో ఒక చేపల ల్యాబుకు పంపారు. తిరిగి వచ్చాక ఏది నచ్చిందని అడగలేదు.

"ఏ గంటలో విసుగు పుట్టిందండీ?"

"కంప్యూటర్ దగ్గర మధ్యాహ్నం దాకా బానే ఉందండి. ఏసీ, మర్యాద, అన్నీ బావున్నాయి. భోజనం అయ్యాక గడియారం చూసుకుంటూ కూర్చున్నాను."

"మరి ల్యాబులో?"

"పొద్దున్నించీ విసుగేనండి. ఒక్కో నీటిచుక్కా మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నారు. మెడ పట్టేసింది."

"లేచి వచ్చేయకపోయారా?"

"లేవబుద్ధి కాలేదండి."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "ఇష్టమైన పనిలోనూ సగం విసుగే ఉంటుందండి. ఏ విసుగు ముందు కూర్చోగలరో అది చదవండి. చేపకి మీ ఇంటిపేరు తెలీదు. మీకు కష్టమల్లా అదొక్కటే."

ఆ ఆదివారం చర్చి అయ్యాక రైలెక్కి, ముందుగా చెప్పకుండానే మా ఇంటికి వచ్చారు. నాన్నగారు ఆవిడను తాతగారి కుర్చీలో కూర్చోబెట్టి, తాను నిలబడే మాట్లాడారు.

"ఏవండీ, ఆ చదువుకి జీతం ఎలా ఉంటుందండి?"

"తక్కువండి. మొదట్లో మరీ తక్కువ. చెరువులవాళ్ళు సమయానికి ఇవ్వరు కూడాను."

"పోనుపోను పెద్ద ఉద్యోగం?"

"వస్తుందని నేను చెప్పలేనండి. పని మాత్రం ఉంటుంది. చెరువులున్నంత కాలం చేపలకి జబ్బులుంటాయి కదండీ."

ఈవిడ నా తరఫున వచ్చారా, నాన్నగారి తరఫున వచ్చారా అని గుమ్మం పక్కన నిలబడి కుమిలిపోయాను.

"మా చెరువులు పోయేటప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాడూ లాభమేనండీ అన్నాడు" అన్నారు నాన్నగారు. "గుమ్మంలోకి వచ్చి నష్టం చెప్పినవాళ్ళు మీరొక్కరేనండి." తర్వాత అమ్మను కాఫీ పెట్టమన్నారు.

కాలేజీలో చేరే రోజున నాన్నగారు కూడా వచ్చారు. గుమాస్తా తలెత్తకుండా "ఏ గ్రూపండీ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా నాన్నగారు భుజం మీద కండువా సర్దుకుని, తాతగారి గొంతుతో "చేపలండి" అన్నారు. గుమాస్తా తలెత్తి చూసి, తనకే తెలియకుండా లేచి నిలబడ్డాడు.

మేడం చెప్పినట్టే మొదటి ఏళ్ళలో జీతం మరీ తక్కువ. బంధువులు జాలిపడ్డారు. నేను తల దించుకోలేదు. మా ఆస్తి లాభమన్న మాటల చాటున మాకు తెలియకుండా పోయింది కనుక అది అవమానమైంది. ఈ లేమిని మాత్రం ఆవిడ మా ఇంటికొచ్చి, ముందే మా ఎదుట పెట్టి చూపించారు. చూసే ఒప్పుకున్నాం.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు చెరువు యజమానులు నీళ్ళసీసా పట్టుకొచ్చి, "పర్లేదు కదండీ, నిలబడుతుంది కదండీ పంట" అని నా ముఖంలోకి చూస్తారు. పోయేదేదో ముందు అదే చెబుతాను. కొందరికి కోపం వస్తుంది. సీసా తీసుకుని తీపిగా మాట్లాడే ఇంకో ల్యాబుకు బయలుదేరతారు.

వెళ్ళనిస్తాను.