శ్రావణి చెప్పిన బతుకమ్మ

ఇబ్రహీంపట్నంలోని ఒక ఉన్నత పాఠశాలలో ఆ ఏడే ఇంగ్లీషు టీచరుగా చేరాను. పదో తరగతి పిల్లల చేత ఆ భాషలో నోరు తెరిపించడం నా వల్ల కాలేదు. "ఇంగ్లీషొస్తే మంచి నౌకరీలొస్తయ్" అని ఎంత చెప్పినా తలలు దించుకునేవారు.

దసరా సెలవులయ్యాక, ఈసారి మీ ఇంట్లో బతుకమ్మను ఎలా పేర్చారో తప్పులున్నా సరే ఇంగ్లీషులో చెప్పమన్నాను. తంగేడు, గునుగు పూలంటూ నవ్వుకుంటూ ఒక్కొక్కరే చెప్పసాగారు. జూన్‌లో బడి తెరిచిన నాటి నుంచి పెదవి విప్పని శ్రావణి వంతు వచ్చింది.

"దిస్ ఇయర్ నో బతుకమ్మ ఇన్ మై హౌస్. మై మదర్ డైడ్."

చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు బతుకమ్మ పేర్చరు. అది తెలిసిన దాన్నే గానీ, వాళ్లమ్మ పోయిన సంగతి నాకు తెలియదు.

"కూసో బిడ్డా" అన్నాను. శ్రావణి కూర్చోలేదు. వాళ్లమ్మ ఏ పువ్వు మీద ఏ పువ్వు పేర్చేదో, పైన పసుపు గౌరమ్మను ఎలా నిలిపేదో, మాటలు వెతుక్కుంటూ చివరిదాకా చెప్పింది.

గంట కొట్టాక దగ్గరికి పిలిచాను. "గంత కష్టమైతే తెలుగులనే చెప్పొచ్చు గదా బిడ్డా?"

"తెలుగుల అమ్మ అంటేనే ఏడుపొస్తది టీచర్. ఇంగ్లీషుల జర ఆగుతది. ఇన్ని దినాలు గందుకే ఎవ్వలకు చెప్పలే."

ఆ రోజు నుంచి తరగతిలో నౌకరీల మాట ఎత్తలేదు. తెలుగులో చెప్పుకోలేనిది ఏమైనా ఉంటే ఇంగ్లీషులో చెప్పమంటున్నాను. ఇప్పుడు చేతులు లేస్తున్నాయి.