నాలుగు మూలలూ నలగని కార్డు

మా ఆయన హర్షవర్ధన్‌కి జీవితంలో ఎందులోనూ పదికి పది రాలేదు. ఇది నేను ఎత్తిపొడుపుగా అనడం లేదు, ఆయనే చెప్పుకుంటాడు. బళ్లో అత్తెసరు మార్కులు, డిగ్రీ కూడా అత్తెసరే. తిరువూరులో డ్రిప్పు పైపుల కొట్టు పెడితే అదీ అంతే, మునగదు, తేలదు. పైపుకి బొక్క పడిందని రైతు వచ్చి అరిస్తే, అది ఎలుక కొరికిన బొక్క అని తెలిసినా తలొంచుకుని ముక్క మార్చిస్తాడు. ఎవరినీ ఒక్క మాట అనలేడు. ఆయన అనాల్సినవన్నీ ఇంట్లో కూర్చుని నేను అనుకోవాలి.

అలాంటి మనిషి దగ్గర ఒకే ఒక్క వస్తువు ఏ వంకా లేకుండా ఉంది. అదొక క్రికెట్ కార్డు. చిన్నప్పుడు వాళ్ల మేనమామ బెజవాడలో కొనిపెట్టిన ప్యాకెట్లో వచ్చింది. అరచేతిలో పట్టే అట్టముక్క, మీద బ్యాటు ఎత్తిన ఆటగాడి బొమ్మ. తోటిపిల్లలు తమ కార్డులతో ఆడి చింపుకుంటే ఈయన మాత్రం డిక్షనరీ మధ్యలో పెట్టి దాచాడు. పెళ్లయిన కొత్తలో నాకు చూపించినప్పుడు కూడా చేతికివ్వలేదు, దూరం నుంచే చూడమన్నాడు. ఒళ్లు మండింది నాకు.

ఇలాంటి కార్డులకి మార్కులు వేసే కంపెనీ ఒకటి విదేశంలో ఉందని ఈమధ్య ఫోనులో చూశాడు. అంచులు, నునుపు, అన్నిటికంటే ముఖ్యంగా నాలుగు మూలలూ భూతద్దంలో చూసి, పదికి ఇన్ని అని వేసి, కార్డుని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి తిరిగి పంపుతారట. హైదరాబాదులో ఒకాయన అందరి కార్డులూ పోగుచేసి అక్కడికి చేరవేస్తాడట.

"శ్రీవల్లీ, దీనికి పది వస్తుంది. నాకు తెలుసు," అన్నాడు.

అంత ధీమాగా ఆయన మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. అమ్ముకోవడానికి కాదు. కార్డుల గురించి బాగా తెలిసినవాళ్లెవరో చూసి, నువ్వు ఇన్నేళ్లూ దాచుకున్నది బ్రహ్మాండంగా ఉందయ్యా అనాలి. అంతే ఆయన కోరిక.

సరే పంపమన్నాను. పంపడానికి దానికో తొడుగు కావాలట. ముందు పల్చటి కవరు, ఆ పైన మరీ గట్టిదీ మరీ మెత్తనిదీ కాని ప్లాస్టిక్ తొడుగు. గట్టిదైతే అక్కడివాళ్లు కార్డుని బయటికి లాగేటప్పుడు మూల నలుగుతుంది. మెత్తనిదైతే దారిలోనే కార్డు వంగిపోతుంది. ఆ మధ్యరకంలో పెట్టి పంపితేనే తీసుకుంటారట. అమ్మాయిని అత్తారింటికి పంపడానికి కూడా ఇన్ని షరతులు ఉండవు.

అది తిరువూరులో ఎక్కడ దొరికి చస్తుంది? బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టు నాజిమ్‌ని అడిగితే, అదంతా ఎందుకన్నా, లామినేషన్ కొట్టేస్తా, నీ మనవలు కూడా చూసుకుంటారు అని చెయ్యి చాపాడట. ఈయన కార్డుని జేబులో దాచుకుని వచ్చేశాడు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మొదటిసారి రాయిలాంటివి వచ్చాయి. తిప్పి పంపి మళ్లీ తెప్పిస్తే ఫొటో ఆల్బం జేబులు. ఇంకోసారి సరైన తొడుగులే వచ్చాయి గానీ, ఆ మహానుభావులు వాటిని మడిచి కవర్లో కుక్కారు. అన్నిటికీ నడుమ తెల్లటి గీత. ఫోను చేసి కడిగెయ్యమని చెప్పి, ఫోను కూడా నేనే కలిపి ఇచ్చాను. ఈయన అవతలివాడికి థాంక్స్ చెప్పి పెట్టేశాడు! నెత్తి బాదుకోవడం ఒక్కటే తక్కువ నాకు.

చివరికి హైదరాబాదాయనే జాలిపడి రెండు తొడుగులు పార్శిలు చేశాడు. అవి రాగానే మా ఆయన సబ్బుతో చేతులు కడుక్కుని, ఊపిరి బిగబట్టి కార్డుని అందులోకి దించాడు. తర్వాత కొంచెం వంచి చూపించాడు.

"చూశావా, ఇట్టే జారి బయటికొస్తుంది. మూలకి ఏదీ తగలదు."

దాని గొప్పతనమంతా అదేనట.

హైదరాబాదాయనకి పంపడానికి ఆఖరు రోజు శుక్రవారం పడింది. తొడుగుని టేబులు మీద పెట్టి, అట్టపెట్టె, టేపు తేవడానికి బజారుకెళ్లాడు. నేను వంటింట్లో ఉన్నాను. మా అత్తగారు శివపార్వతి గారు తలస్నానం చేసి పూజలో కూర్చున్నారు. ఆవిడ ఇన్నాళ్లూ ఆ కార్డుని బొమ్మముక్క అనే అనేవారు.

ఆయన తిరిగొచ్చాక ఎంతకీ చప్పుడు లేకపోతే బయటికి వచ్చి చూశాను. టేపు చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. తొడుగులో కార్డు ఉంది. కార్డు నాలుగు మూలలా తడి పసుపు ఉంది.

"ఏంటత్తయ్యా ఇది?" అన్నాను.

"శుభమా అని దూరం వెళ్తోంది కదమ్మా. శుభలేఖకి పెట్టమూ? నెమలి ఊళ్లో గుడికెళ్లినప్పుడు స్వామి దగ్గర పెట్టి తెచ్చిన పసుపే."

"ఆ ప్లాస్టిక్కు మీద పెట్టచ్చు కదండీ."

"కవరుకి పెడితే కవరుకి పెట్టినట్టు. ఇట్టే జారి వచ్చిందమ్మా, తీసి దానికే పెట్టా." కొడుకు వైపు తిరిగి, "దేంట్లోనూ పూర్తి మార్కులు రాలేదని బాధపడతావుగా నాన్నా. దీనికన్నా రావాలని మొక్కుకున్నా," అన్నారు.

నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన నా వైపు చూశాడు, మింగేశాను. కార్డుని గదిలోకి తీసుకెళ్లి దూదితో అద్దాడు. పసుపు పోలేదు సరికదా, ఇంకాస్త లోపలికి పాకింది. ఒక మూల అట్ట పొర కూడా లేచింది. ఇన్నేళ్లు డిక్షనరీలో ఉన్నప్పుడు ఏమీ కాలేదు దానికి. ఎవరి మీద అరవాలో తెలీక నాకు ఏడుపొచ్చింది.

"ఇంకెందుకు, పంపడం మానెయ్యండి," అన్నాను.

"పంపకపోతే ఎందుకు పంపలేదని అమ్మ అడుగుతుంది," అన్నాడు. అట్టపెట్టెకి టేపు వేసి, తీసుకెళ్లి పంపేసి వచ్చాడు.

కొన్ని నెలలకి కార్డు తిరిగొచ్చింది. మందపాటి ప్లాస్టిక్ డబ్బా, సుత్తితో కొడితే తప్ప తెరుచుకోదు. పైన చీటీ మీద పదీ లేదు, ఒకటీ లేదు. అసలు అంకే లేదు. కార్డు నిజమైనదేగానీ మార్కు వెయ్యడానికి పనికిరాదని ఇంగ్లీషులో రెండు ముక్కలున్నాయి. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని డబ్బాని అటూ ఇటూ తిప్పారు. "ఎన్నొచ్చాయిరా?"

"పదికి పది అమ్మా."

"మరి? పసుపు పెట్టాక రాకేం చేస్తాయి?" అన్నారు. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆయన నవ్వాడు. నేను గ్లాసు నేలకేసి కొట్టాలన్నంత కోపంతో గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆవిడ డబ్బాని దేవుడి దగ్గర పెట్టి, పసుపు గిన్నె అందుకుని, నేనేమంటానో అన్నట్టు ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు.

"పెట్టండి అత్తయ్యా," అన్నాను. "నాలుగు మూలలా పెట్టండి. ఇప్పుడింక లోపలికి పోదు."