చిన్న కంప్యూటర్‌కు చేయించిన టేకు పెట్టె

అది 2009వ సంవత్సరం. భద్రాచలంలో బస్టాండు దగ్గర నాకు కంప్యూటర్ల దుకాణం ఉండేది. అంతకుముందు ఇరవై ఏళ్లు అదే గదిలో టైపు మిషన్లు బాగుచేశాను. మిషన్ల కాలం అయిపోయాక ఖమ్మం వెళ్లి ఆరు నెలలు హార్డ్‌వేర్ నేర్చుకుని వచ్చి, టవర్ కంప్యూటర్లు బిగించి అమ్మడం మొదలుపెట్టాను. టవర్ అంటే బల్ల కింద నిలబడే పెద్ద డబ్బా. మూత తీస్తే లోపల చెయ్యి పట్టేంత చోటుంటుంది, ఏ భాగం పాడైనా అదొక్కటే మార్చవచ్చు. అడవి ఊళ్లలో స్కూళ్లకు, హాస్టళ్లకు, దవాఖానాలకు నేనే తీసుకెళ్లి పెట్టేవాణ్ణి. ప్రతి డబ్బా మీద నా దుకాణం పేరుతో చిన్న స్టిక్కర్ అంటించేవాణ్ణి.

మినీ డెస్క్‌టాప్ కొనవచ్చా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. పుస్తకమంత డబ్బాలో కంప్యూటర్ మొత్తం ఇమిడిపోయేది అదే. వాళ్లందరికీ ఈ ఒక్క కేసు చెబుతాను. డైరీలు ముందు పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి సంగతులు తారుమారు కావు. ఒక్క సంగతి మాత్రం డైరీలో లేదు. అది ఎందుకు లేదో కూడా చెబుతాను.

ఆ మినీలను మా ఊరికి తెచ్చింది శ్రీధర్. సత్తుపల్లి వైపు కుర్రవాడు. నా దగ్గర నాలుగేళ్లు పనిచేశాడు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేనే నేర్పాను. ఆ ఏడాది సంక్రాంతి వెళ్లాక నాకు చెప్పే వెళ్లిపోయి, రోడ్డు అవతల అద్దాల తలుపులతో, ఏసీతో దుకాణం తెరిచాడు. ప్రారంభానికి పిలిచి, నన్నే రిబ్బన్ కత్తిరించమన్నాడు. కత్తిరించాను. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

నా కౌంటర్ వెనక కూర్చుంటే అతని గుమ్మం నేరుగా కనిపించేది. ఎవరు లోపలికి వెళ్తున్నారో, ఎవరు చేతిలో చిన్న అట్టపెట్టెతో బయటికి వస్తున్నారో చూస్తూ ఉండేవాణ్ణి. నా పాత ఖాతాదారులు అటు వెళ్లేటప్పుడు నా వైపు చూడకుండా తల తిప్పుకునేవారు. అది మరీ కుట్టేది. భోజనానికి ఇంటికి వెళ్లి అదే మాట్లాడుతుంటే మా ఆవిడ ఒకసారి అన్నది.

"శ్రీధర్ దుకాణంల ఎంతమంది ఉన్నరో నాకెందుకు చెప్తున్నరు? అన్నంల కలుపుకుంటరా?"

మినీల మీద నేను చెప్పే అభ్యంతరాలు అబద్ధాలేం కావు. అందులో వేసే హార్డ్ డిస్కు ల్యాప్‌టాప్ సైజుది, అప్పట్లో మా దగ్గర దొరికేది కాదు. పవర్ సప్లై బయట అడాప్టర్‌గా ఉంటుంది, అది పోతే హైదరాబాద్ నుంచి రావాలి. ర్యామ్ పెంచాలన్నా, ఇంకో కార్డు వేయాలన్నా చోటుండదు. బొటనవేలంత ఫ్యాను ఒక్కటే ఉంటుంది, వేడిగాలి పక్కనున్న సన్నని చీలికల్లోంచి బయటికి పోవాలి. ఇవన్నీ నిజాలే. కానీ ఆ నిజాలు చెప్పేటప్పుడు నా గొంతులో ఉన్నది మాత్రం కొనేవాళ్ల మేలు కాదు.

ఏప్రిల్‌లో చర్ల రోడ్డులో ఉన్న ఒక దవాఖానా నుంచి ఫోను వచ్చింది. ప్రింటర్ పనిచేయడం లేదని. చర్చివాళ్లు నడిపే చిన్న దవాఖానా అది. అక్కడి పెద్ద నర్సు ఎస్తేరమ్మ గారిది బోనకల్ దగ్గరి ఊరు. పదిహేనేళ్లుగా ఆ అడవి పల్లెల్లో పనిచేస్తున్నది. కోయభాష కూడా ధారాళంగా మాట్లాడేది. ఆమె ముఖ్యమైన పని టీబీ రోగులది. మందు ఆరు నెలలు మానకుండా మింగాలి. ఎవరి మందు ఏ తారీఖుకు అయిపోతుందో, వాళ్లది ఏ గుంపో కంప్యూటర్‌లో ఉండేది. గుంపు అంటే అక్కడి చిన్న పల్లె. తారీఖుకు రానివాళ్ల పేర్లు సోమవారం ప్రింటు తీసుకుని, వాళ్లను వెతుక్కుంటూ జీపులో వెళ్లేవారు. అంతకుముందు ఇదంతా చేతిరాత రిజిస్టరులో ఉండేది. టవర్ పెట్టిన రోజున, ఇక రిజిస్టరు ఎందుకమ్మా అని మాన్పించింది నేనే.

వెళ్లేసరికి నా టవర్ మూలన ఉంది. దాని మీద దోమతెరల మూట పెట్టారు. మూట అంచు కింద నా స్టిక్కర్ సగం కనిపిస్తోంది.

"సార్, మా కొత్త కంప్యూటర్ చూసిన్రా? టిఫిన్ డబ్బా అంత లేదు" అన్నది ఎస్తేరమ్మ గారు సంబరంగా. "చప్పుడే చెయ్యది. మీది ఆన్ చేస్తే పిండిమర లెక్క మోగేది."

"పిండిమరయినా పనిచేసింది కదమ్మా."

"చేసింది, ఎందుకు చెయ్యలే! కరెంటు పోతే పది నిమిషాలకు కుయ్ కుయ్ మని ఆగిపోయేది. గిదైతే ఇన్వర్టర్ మీద సగం రోజు ఆడుతది. శ్రీధర్ మంచిగ చెప్పిండు."

ఆ మాట నిజం. మినీ తినే కరెంటు నా టవర్ తినేదాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు. కరెంటు రోజూ పోయే ఊళ్లో అంతకంటే మేలైన వస్తువు లేదు. అది నాకు తెలుసు. తెలిసినకొద్దీ ఇంకా మండింది.

అప్పుడు ఆ పెట్టె చూపించింది. బల్ల మీద మానిటర్ పక్కన టేకు చెక్కతో చేసిన పెట్టె. ముందు అద్దం తలుపు, దానికి తాళం. వెనక వైర్లు దూరేంత ఒక్క రంధ్రం. లోపల మినీ, దాని మీద కుట్టుపూలు వేసిన గుడ్డ కవరు.

"పంచాయతీ టీవీకి పెట్టె చేసిన వడ్లాయనతోనే చేయించిన" అన్నది. "ఎలుకలు, బల్లులు, దుమ్ము. పైంగ చంకల పెట్టుకొని పోయేటంత ఉన్నది, ఎవడన్న ఎత్తుకపోతే ఏం జెయ్యాలె? పొద్దున ఆన్ చేసి తాళమేస్త, సాయంత్రం తీస్త. మంచిగుందా సార్?"

ఆ రోజుల్లో విలువైన వస్తువంటే మా వైపు అలాగే చూసుకునేవారు. టీవీకి తలుపుల పెట్టె, ఫోనుకు తాళం, కంప్యూటర్ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట. అది అజ్ఞానం కాదు, గౌరవం. కానీ గాలి తిరగని పెట్టెలో ఆ బొటనవేలంత ఫ్యాను తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. మే ఎండలకు అది నిలవదు. చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది. రెండు మాటలు చాలు: కవరు తీయండమ్మా, తలుపు తీసి ఉంచండి.

"గట్టిగ చేసిండమ్మా. మంచి చెక్క" అన్నాను.

ప్రింటర్‌కు సిరా రిబ్బన్ మార్చి వచ్చేశాను. ఆ రోజు డైరీలో రిబ్బన్ సంగతి ఉంది, బస్సు ఆలస్యం కావడం ఉంది, దవాఖానాలో పెట్టిన మజ్జిగ కూడా ఉంది. పెట్టె సంగతి లేదు.

మే నెలలో అది మధ్యమధ్య ఆగిపోవడం మొదలైంది. లోపల వేడి హద్దు దాటితే ప్రాసెసర్ కాలిపోకుండా యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. మేము థర్మల్ షట్‌డౌన్ అంటాం. ఎస్తేరమ్మ గారు మినీని మాత్రం సంచిలో పెట్టి శ్రీధర్‌కు పంపింది. పెట్టె అక్కడే ఉంది కదా, శ్రీధర్‌కు దాని సంగతి తెలియదు. ఏసీ గదిలో రెండు రోజులు ఆడించి చూస్తే ఏ లోపమూ కనబడలేదు. అడాప్టర్ మార్చి పంపాడు. వారానికే మళ్లీ వచ్చింది.

అప్పుడు అతను రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు. దుకాణం పెట్టాక అలా రావడం అదే మొదటిసారి.

"సార్, మా దగ్గర రెండు రోజులు ఆగకుంట ఆడింది. అక్కడ గంట ఆడతలేదు. నాకేం సమజ్ అయితలేదు. ఏమై ఉంటదంటరు?"

కుర్చీ చూపించాను, కూర్చోలేదు. నాలుగేళ్లు నా దగ్గర నిలబడినట్టే నిలబడ్డాడు.

"చిన్న వస్తువులు గంతే శ్రీధర్. నేను ముందే చెప్పలేదా?" అన్నాను.

అతను తలూపి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం నేను కడుపునిండా తిన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అదే జరిగింది.

జూన్ మొదటి వారంలో ఎస్తేరమ్మ గారే బస్సు దిగి నేరుగా నా దుకాణానికి వచ్చింది. మినీని ఒడిలో పెట్టుకుని కూర్చున్నది. ఈసారి అసలు ఆన్ కావడం లేదు.

"శ్రీధర్ తోని అయితలేదు సార్. మీరు పెద్దోళ్లు, మీరే చూడాలె. రెండు సోమవారాల సంది లిస్టు లేదు. ఎవరి దగ్గర మందు అయిపోయిందో తెలుస్తలేదు."

"పెన్‌డ్రైవ్‌లో కాపీ లేదా అమ్మా?"

"మార్చిదాంక ఉన్నది. ఆ పెట్టె వచ్చినంక ముందట ఫ్రేము చెక్క అడ్డమొచ్చి పెన్‌డ్రైవ్ దూరతలేదు. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకున్నం."

మూత విప్పాను. ఫ్యాను రెక్కలకు గుడ్డ నూలు చుట్టుకుని ఉంది. హార్డ్ డిస్కు బయటికి తీసి దుకాణంలో ఉన్న టవర్‌కు తగిలిస్తే టిక్కు టిక్కుమంటోంది. వేడికి బ్యాడ్ సెక్టార్లు వచ్చాయి. అంటే డిస్కు మీద చదవడానికి వీలుకాని మచ్చలు. అలాంటి డిస్కు చల్లగా ఉన్నప్పుడు కొంచెం చదువుతుంది, వేడెక్కితే మొండికేస్తుంది. వరుసగా మూడు రోజులు తెల్లవారగానే దుకాణం తెరిచి, టేబుల్ ఫ్యాను దాని మీదికి తిప్పి, ఇరవై నిమిషాలు చదివించి ఆపుతూ ఒక్కో ఫైలు తీశాను. చివరికి లిస్టు వచ్చింది. కానీ మార్చి తర్వాత చేరినవాళ్లలో పదకొండు వరసల్లో నంబర్లు మాత్రమే ఉన్నాయి. ఎదురుగా పేరు లేదు, ఊరు లేదు.

ఆ కాగితం ఎస్తేరమ్మ గారి చేతిలో పెట్టాను. ఆమె వేళ్లతో ఖాళీలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. కంటతడి పెట్టలేదు. "మీరు లేకపోతే ఇది గూడ రాకపోవు సార్" అన్నది.

ఆ మాట నేను భరించలేకపోయాను.

"అమ్మా, ఆ పెట్టెలో పెడితే ఇట్ల అయితదని నాకు ఏప్రిల్‌లోనే తెలుసు. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలే?"

"శ్రీధర్ దగ్గర కొన్నరని."

ఆమె తిడితే బాగుండేది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

"ఎల్లుండి పొద్దుగాల ఏడింటికి జీపు బయల్దేరుతది. మీరు గూడ రండి. పేర్లు రాసుకునేటందుకు మనిషి కావాలె."

వెళ్లాను. రెండు రోజులు గుంపు గుంపుకూ తిరిగాం. ఆమె కోయలో అడిగేది, నేను తెలుగులో రాసుకునేవాణ్ణి. పది మంది దొరికారు. కొందరి దగ్గర మాత్రలు ఇంకా ఉన్నాయి, కొందరు వాళ్లంతట వాళ్లే దవాఖానాకు వచ్చి తీసుకెళ్లారు. పదకొండో మనిషి వాగు అవతల గుంపులో ఒక నడివయసు ఆడమనిషి. దగ్గు తగ్గిందని మందు మానేసి మూడు వారాలు దాటింది. మళ్లీ మొదలైన దగ్గుతో గుమ్మంలో కూర్చుని ఉంది. ఎస్తేరమ్మ గారితో ఏదో అన్నది. ఏమన్నదని అడిగాను.

"ఎవ్వరు రాలే, నాకు నయమైందేమో అనుకున్న అంటున్నది."

ఆమెకు మందు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఈసారి కోర్సు ఇంకా పెద్దది, ఇంజెక్షన్లతో సహా. మరుసటి ఏడాది ఆమెకు పూర్తిగా నయమైందని ఎస్తేరమ్మ గారు ఫోను చేసి చెప్పింది. ఆ వార్త డైరీలో రాసుకున్నాను. కానీ ఆ ఇంజెక్షన్లు నా లెక్కలోంచి పోలేదు.

భద్రాచలం తిరిగి వచ్చిన రోజే రోడ్డు దాటి శ్రీధర్ దుకాణంలోకి వెళ్లాను. రిబ్బన్ కత్తిరించాక మళ్లీ ఆ గుమ్మం తొక్కడం అప్పుడే. పెట్టె సంగతి, గుడ్డ సంగతి, నేను చూసి ఊరుకున్న సంగతి చెప్పాను. అతను చేతిలో పని ఆపి విన్నాడు.

"మీకు తెలిసి ఉంటదనే వచ్చి అడిగిన సార్" అన్నాడు. అంతే. టీ తెప్పించాడు, తాగాను.

ఇక అసలు ప్రశ్న. మినీ డెస్క్‌టాప్ కొనవచ్చా? కరెంటు నిలకడ లేనిచోట, ఉత్తరాలు, లిస్టులు, లెక్కలు లాంటి పనికైతే నిశ్చింతగా కొనండి. టవర్ కంటే మేలు. బరువైన పనికి, రేపు ఇంకో కార్డు వేసుకుందామనే ఆశ ఉన్నవాళ్లకు అది పనికిరాదు. చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, మీద గుడ్డ కప్పకండి, వారానికోసారి కాపీ తీయండి. మీ ఊళ్లో విడిభాగాలు దొరుకుతాయో లేదో అమ్మేవాణ్ణి అడగండి. పక్క దుకాణంవాణ్ణి కూడా అడగండి, కానీ అతను చెప్పేదాంట్లో ఎంత వస్తువు గురించో, ఎంత పక్కవాడి గురించో చూసుకోండి.

అసూయ ఆ రోజుతో పోయిందని రాయను. దుకాణం మూసేదాకా అతని గుమ్మం ముందు చెప్పులు ఎన్ని జతలున్నాయో చూస్తూనే ఉన్నాను. ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. ఎవరైనా అతని దగ్గర కొన్న యంత్రం తెచ్చి అడిగితే, ముందు నాకు తెలిసింది చెప్పేవాణ్ణి. వాళ్లు వెళ్లాకే కుళ్లుకునేవాణ్ణి.