పిట్టలు రాలేదని చెప్పిన ఆదివారాలు

నెల కిందట ఒక మంగళవారం పొద్దున దుకాణం షటర్ సగం లేపానో లేదో, ఫోన్ మోగింది. చిన్నమ్మ. "బిడ్డా, మీ కాక పోయిండు" అంది. షటర్ అట్లాగే సగంలో ఆగింది. వంగి లోపలికి పోవాలో, దించేసి ఆ ఇంటికి పోవాలో కాసేపు తెలియలేదు.

కాక అంటే నాకు చుట్టం కాదు. చేవెళ్లలో ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. చిన్నమ్మ ఆయన భార్య. మీలో ఈ చుట్టుపక్కలవాళ్లు చాలామంది ఆయన్ను చూసే ఉంటారు, కరెంటు పోయినప్పుడు తిట్టి కూడా ఉంటారు. నాది బోరు మోటార్ల సామాను దుకాణం. ఒకరోజు స్విచ్ కోసం వచ్చి, నా బోర్డు మీద వాలిన పిట్టను చూస్తూ దేనికి వచ్చాడో మర్చిపోయాడు. ఆ చలికాలమే నన్ను పిట్టలు చూసే ఆదివారం బ్యాచ్‌లో చేర్చాడు.

బ్యాచ్ అంటే పది పన్నెండు మందిమి. నా వ్యాన్‌లో చేవెళ్ల నుంచి కొందరం బయల్దేరితే, మొయినాబాద్‌లో మిగతావాళ్లు ఎక్కేవాళ్లు. తెల్లారేసరికి గండిపేట చెరువు వెనకవైపు, జన్వాడ దిక్కున నీళ్లు పలచగా పరుచుకునే చోటికి చేరాలి. మొదటిరోజు నేను చిలకపచ్చ చొక్కా వేసుకుని పోయాను.

"ఏం సేటూ, పిట్టలను చూసెటందుకు వచ్చినవా, పిట్టలకు కనిపించెటందుకు వచ్చినవా?" అంటూ కాక తన పాత ఖాకీ చొక్కా తొడిగించాడు. బొత్తాలు పట్టలేదు. "ఊపిరి బిగవట్టు, నడుస్తది" అన్నాడు.

సిటీ నుంచి వచ్చేవాళ్లు పుస్తకం తెరిచి బొమ్మతో పోల్చుకునేలోపే కాక పేరు చెప్పేసేవాడు. ముక్కు, తోక ఆయనకు తర్వాత. ముందు కడుపు చూసేవాడు. "స్తంభం మీద నేను, నా నెత్తి మీద అది. ఇగ కడుపు గాక ఏం కనిపిస్తది?" పుస్తకాలవాళ్లు కడుపులు సరిగ్గా గీయరని ఆయన కంప్లెయింట్. తెల్ల తల మీద రెండు నల్ల గీతలతో, మంచు కొండల అవతలి నుంచి వచ్చే పెద్ద బాతులను 'గీతల బాతులు' అనేవాడు. చలికాలమంటే ఆయనకు అవే. చొక్కాకు ఒక జేబు నిండా ఉడకబెట్టిన పల్లికాయ, రెండో జేబు పొట్టుకు. "మనం వచ్చినట్టు వాటికి ఎరుక కావొద్దు" అనేవాడు.

పోయిన వానాకాలం ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. పొద్దటి చలిలో తిరగనే వద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడట. చలి మొదలవుతూనే చిన్నమ్మ నా దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి.

"నీ వ్యాన్ ఆగితేనే ఆయన ఆగుతడు బిడ్డా. నా మాట ఇనడు."

"ఏం చెప్పాలె చిన్నమ్మా?"

"ఏమన్న చెప్పు. పిట్టలు రాలేదని చెప్పు."

చెప్పాను. ఇది దాచి ఆయన గురించి ఎంత రాసినా లాభం లేదు. నాలుగు ఆదివారాలు అదే చెప్పాను. "ఈసారి లేటయితున్నయ్ కాకా, నీళ్లు ఎక్కువున్నయ్" అని. మేం మాత్రం పోతూనే ఉన్నాం, బ్యాచ్ ఫోన్ గ్రూప్‌లో ఫొటోలు పెట్టొద్దని అందరికీ చెప్పాను. ఆయన నమ్మాడు. నమ్మి, నీళ్లు ఎంత లోతుంటే బాతులు దిగవో నాకు ఓపిగ్గా పాఠం చెప్పాడు. నేను ఊ కొట్టాను.

ఐదో ఆదివారం చెరువు గట్టు మీద ఉండగా కాక నుంచి ఫోన్ వచ్చింది.

"యాడున్నవ్ సేటూ?"

"ఇంట్లనే కాకా."

"మంచిది. నేను మిద్దె మీదున్న. గీతల బాతులు ఇరవై దాక నా నెత్తి మీదికెల్లి పోయినయ్." కాసేపు దగ్గాడు. "మరి నీ ఇంట్ల ఒర్లుతున్నయేంది?"

నా వెనక చెరువంతా బాతుల అరుపు.

"మీ చిన్నమ్మ చెప్పమన్నదా?"

"ఊ."

"ఆమె చెప్పింది మంచిదే. గని పిట్టల మీద అబద్ధం ఆడకు సేటూ. నీ పానం బాగలేదు, తీస్కపోను అని మొఖం మీద చెప్పు. నేను లొల్లి పెడత. నువ్వు ఇనకు. గంతే."

ఆ తర్వాతి ఆదివారం చిన్నమ్మే ఒప్పుకుంది. ఎండ ఎక్కాకే పోవాలి, వ్యాన్ అద్దాలు దించొద్దు. మేం పోయేసరికి పది దాటింది. మేత అయిపోయి బాతులన్నీ అవతలి ఒడ్డుకు చేరాయి, ఇక్కడి నుంచి మసక చుక్కల్లా ఉన్నాయి. ఆయన గట్టు దాకా నడవలేడు. అవతలి నుంచి చుట్టి పోయి వాటిని ఇటు లేపుదామని మాలో ఒకాయన అన్నాడు.

"వద్దు. కునుకు తీస్తున్నయ్, తియ్యనీ" అన్నాడు కాక. ఊపిరికి అద్దం మసకబారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ అరగంట చూశాడు. మేం వ్యాన్ చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఇంకేం చేయాలో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత ఇల్లు కదల్లేదు. ఆక్సిజన్ మిషన్ పెట్టారు. కరెంటు పోతే ఎట్లా అని దుకాణం నుంచి ఇన్వర్టర్ తెచ్చి బిగించాను. నాకు చేతనైంది అదొక్కటే. బిగించిన రోజు నుంచి కరెంటు పోనే లేదు. "మా డిపార్ట్‌మెంటోళ్లు నా కోసం మస్తు కష్టపడుతున్నరు" అని నవ్వబోయి దగ్గాడు.

నేను ఆపినందుకు ఆయనకు నాలుగు రోజులు ఎక్కువ దొరికాయా, నాలుగు పొద్దులు తక్కువయ్యాయా? డాక్టర్‌నూ అడిగాను. అట్లా చెప్పలేమన్నాడు.

దినాలయ్యాక, మొన్న ఆదివారం, చిన్నమ్మ తానూ వస్తానంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. గట్టు మీద కూర్చోబెడితే సంచిలోంచి ఆయన దుర్భిణి తీసి కళ్లకు పెట్టుకుంది. పెద్ద అద్దాలు కళ్లవైపు వచ్చేలా తిరగేసి పెట్టుకుంది.

"గింత దూరముంటయా బిడ్డా?" అంది. "గింతంత కనిపించే వాటి కోసమేనా ఆయన గంత తండ్లాడింది?"

సరిచేద్దామని చెయ్యి చాపాను. దుర్భిణిని ఆమె కళ్లకు గట్టిగా అదిమి పట్టుకుంది, దాని కింద నుంచి నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మేం కదలకుండా ఉన్నందుకేమో, బాతులు గడ్డి కొరుక్కుంటూ గట్టు వైపే నడిచి వస్తున్నాయి. తలల మీది గీతలు మామూలు కళ్లకే కనిపిస్తున్నాయి. ఆమె మాత్రం వాటిని చాలా దూరంలో చూస్తూనే ఉంది.