మొగుణ్ణి వదిలేసి పరిగెత్తిన టైలరమ్మ

కర్టెన్ల దుకాణంలో గుడ్డ కత్తిరించే ఆవిణ్ణి అందరూ టైలరమ్మ అనే పిలిచేవారు. రోజంతా నిలబడి చేసే పని. పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి, ఈ కొస నుంచి ఆ కొసకి కోసుకుంటూ పోవాలి. నలభై దాటాక ఒకరోజు దుకాణం మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయింది. ఊపిరి ఆడలేదు. వెనకాల వస్తున్న ముసలాయన "నెమ్మదిగా రామ్మా" అంటూ ఆవిణ్ణి దాటుకుని పైకి వెళ్ళిపోయాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఇంటి దగ్గర పార్కులో, రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన కొంతమందిని పోగేసి పరుగు నేర్పేవాడు. మర్నాడే వెళ్ళి ఆయన్ని అడిగింది.

"మాస్టారూ, చలికాలంలో పెడతారట కదా, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. దానికి ఎన్నాళ్ళు తయారవ్వాలండీ?"

"ఇప్పుడెంత దూరం పరిగెత్తగలవు?"

"బస్సు వెళ్ళిపోతుంటే స్టాపు దాకా."

ఆయన నవ్వలేదు. "అయితే ఆరు నెలలమ్మా. ఐదు కిలోమీటర్లు హాయిగా పరిగెత్తేవాళ్ళకి మూడు నెలలు చాలు. నీకు ముందు ఆ ఐదు రావాలి. ఊపిరి త్వరగానే దారికొస్తుంది. మోకాళ్ళూ పిక్కలూ అంత త్వరగా రావు. వాటి కోసం మనం ఆగాలి."

ఆగింది. మొదట్లో నడకే ఎక్కువ, పరుగు తక్కువ. కొన్నాళ్ళకి నడక తగ్గింది. వారానికొకసారి కాస్త ఎక్కువ దూరం, మధ్యమధ్యలో విశ్రాంతి. వానొస్తే తడిసేది, కాలు నొప్పెడితే మానేసేది, తగ్గాక మళ్ళీ వెళ్ళేది. ఇదంతా ఇంటిపనీ దుకాణం పనీ చూసుకుంటూనే.

ఇంట్లో వాళ్ళకి మాత్రం ఇది పెద్ద వేడుకైపోయింది. ఆవిడ భర్త టైర్ల షాపులో మేనేజరు. సోఫాలోంచి లేవకుండానే, "పరిగెత్తడానికి కూడా ట్యూషనా? పిల్లలు నడక రాగానే పరిగెడతారు కదే!" అనేవాడు. కింది వాటాలో ఉండే ఆయన అక్కగారు ఆ మాటకి పడీపడీ నవ్వేది. టైలరమ్మ పళ్ళు కొరుక్కుని బూట్లు విప్పుకునేది.

పరుగు ఇంకా రెండు వారాలుందనగా ఆయన, "నేనూ పేరిచ్చానోయ్" అన్నాడు.

"ఏవండీ, రెండు వారాల్లో ఎలా అవుతుందండీ?"

"కాలేజీలో ఫుట్‌బాల్ కెప్టెన్ని. ఆ సత్తువ ఎక్కడికి పోతుంది, ఒంట్లోనే ఉంటుంది."

డ్రిల్లు మాస్టారు స్వయంగా ఇంటికొచ్చి చెప్పి చూశాడు. "ఈసారికి వద్దు బాబూ. కాదంటే నడుస్తూ వెళ్ళు, సగంలో ఆగిపో." ఆయన వెళ్ళగానే, "పాపం, పెద్దాయనకి పొద్దుపోవడం లేదు" అన్నాడు మేనేజరు. చిలకపచ్చ బూట్లు కొన్నాడు. షాపు వెనక రెండుసార్లు పరిగెత్తాడు. తయారవ్వడం అయిపోయిందన్నాడు.

ఆ రోజు పరుగు మొదలవగానే గుంపుని తోసుకుంటూ దూసుకుపోయాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు కూడా. టైలరమ్మ తన అడుగు తను వేసుకుంటూ వెళ్ళింది.

పదమూడో కిలోమీటరు దగ్గర, రోడ్డు పక్క గట్టు మీద చిలకపచ్చ బూటు ఒకటి విడిగా పడి ఉంది. దాని పక్కన ఆయన. పిక్క పట్టేసి మొహం పాలిపోయింది. ప్రథమ చికిత్స డేరాలోంచి వచ్చిన నర్సు అప్పటికే కాలు ఒత్తుతోంది. టైలరమ్మ పరుగున వచ్చి పక్కన కూర్చుంది.

"భయమేం లేదండీ. నాడి చూశాను, బావుంది. కండ పట్టేసింది, బొబ్బలు లేచాయి, అంతే. వ్యానులో దింపేస్తాం" అంది నర్సు.

టైలరమ్మ కాసిని నీళ్ళు తాగించి లేచింది.

"ఎక్కడికి?" అన్నాడాయన. "ఇలా నన్ను వదిలేసి వెళ్తావా? కూర్చో."

ఆ "కూర్చో" వినేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరు నెలలు నవ్విన మనిషి, చెప్పిన మాట వినని మనిషి, ఇప్పుడు తను పడ్డచోటే ఆవిడా పడుండాలట!

"మీ దగ్గర నర్సమ్మ ఉంది, వ్యానుంది. నేను కూర్చుంటే మీ పిక్క ఒక్క నిమిషం ముందు తగ్గదు. వెళ్తున్నాను" అని వెళ్ళిపోయింది.

ఆ కోపంతో రెండు కిలోమీటర్లు తెలియకుండా గడిచాయి. తర్వాత కాళ్ళు ఇనుపగుండ్లయ్యాయి. ఎక్కడా నడవలేదు. ఈడ్చుకుంటూనైనా పరిగెత్తి ఆఖరి గీత దాటింది. డ్రిల్లు మాస్టారు చప్పట్లు కొట్టాడు. ఆయన పక్కనే, అప్పటికే ఫోనులో సంగతి తెలిసిన ఆడపడుచు నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"మొగుణ్ణి నడిరోడ్డు మీద పారేసి వచ్చావా? ఏం ఆడదానివే నువ్వు!"

టైలరమ్మ ఆవిణ్ణి దాటుకుని నీళ్ళిచ్చే బల్ల దగ్గరికి వెళ్ళింది.

సాయంత్రం దాకా ఇంట్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పిన్ని, బావగారు, టైర్ల షాపులో కుర్చీకి అంటుకుపోయే లెక్కల గుమాస్తా కూడా చేశారు. అందరిదీ ఒకటే ప్రశ్న, ఆయన పిక్క ఎలా ఉందని. ఆడపడుచు ప్రతివాళ్ళకీ కథ మొదట్నుంచీ చెప్పింది. ఆఖరికి టైలరమ్మ ఆమె చేతిలోంచి ఫోను లాక్కుని పెట్టేసింది.

"వదినగారూ, ఈయన కాలు గురించి ఊరంతా అడిగింది. నేను పూర్తి చేశానా లేదా అని ఒక్కరడిగారా? మీరడిగారా? అదే నేను గట్టు మీద పడుంటే ఈయన ఆగేవారా? 'చెప్తే విన్నావా' అని ముందుకి పోయేవారు. అప్పుడు మీరు ఈయనకి దండేసేవారు!"

ఆడపడుచు విసురుగా కిందికి దిగిపోయింది. ఆయన దిండు మీద కాలు సర్దుకుని గోడవైపు తిరిగాడు. అటు చూస్తూనే, "పూర్తి చేశావా?" అన్నాడు.

"చేశాను."

కుంటడం తగ్గాక, ఒక ఉదయం ఆవిడ బూట్లు తొడుక్కుంటుంటే పక్కనొచ్చి నిలబడ్డాడు. "నాకైతే ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఆరు నెలలు."

"ఏమీ తగ్గదా?"

"బేరాల్లేవు. ముందు నడవండి."

మూలుగుతూనే నడిచాడు. వారంలో రెండు రోజులు ఎగ్గొట్టేవాడు, ఆవిడ పిలిచేది కాదు. వస్తే వచ్చాడు, లేకపోతే లేదు. ఆడపడుచు మాత్రం ఎవరు కనబడినా ఆ పదమూడో కిలోమీటరు కథ చెప్తూనే ఉంది. టైలరమ్మ అక్కడ ఉంటే ఊరుకోదు. "మిగతా ఎనిమిదీ కూడా చెప్పండి వదినగారూ" అని మధ్యలోనే అందుకుంటుంది.